నలభై రెండు పేజీల అగ్రిమెంటు, ఒక టీ కొట్టు

మొన్న ఆదివారం చాన్నాళ్ళకి ఎస్.ఆర్. నగర్ వెళ్ళాను. మెట్రో దిగి రెండు సందులు తిరిగితే మా పాత రూమ్మేటు టీ కొట్టు. బోర్డు మారింది. పాత బోర్డు ఉన్నచోట గోడకి కొట్టిన బోల్టుల కన్నాలు అలాగే ఉన్నాయి. వాటి మీద వాడి సొంత పేరుతో ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. టీ మాత్రం అదే టీ. డబ్బులివ్వబోతే "వద్దులే మామా" అన్నాడు. నాకేమో ఆ టీ గొంతు దిగలేదు. ఎందుకంటే ఆ పాత బోర్డు తాలూకు అగ్రిమెంటుని సంతకానికి ముందు చదివి "బానే ఉంది, పెట్టెయ్" అన్న మహానుభావుణ్ణి నేనే.

సంగతేంటంటే, మన ఐటీ వాళ్ళలో చాలామందికి ఒక కల ఉంటుంది. ఎన్నాళ్ళీ చాకిరీ, ఏదో ఒక ఫ్రాంచైజీ తీసుకుని కూర్చుంటే పోలా అని. పేరు వాళ్ళది, సామాను వాళ్ళది, మనం గల్లాపెట్టె దగ్గర కూర్చోవడమే అనుకుంటాం. పైగా మా ఇద్దరికీ ఎస్.ఆర్. నగర్ అంటే హాస్టలు రోజుల నుంచీ అలవాటైన చోటు. మైత్రీవనం దగ్గర క్లాసు అయిపోగానే వందలమంది కుర్రాళ్ళు టీ కోసం రోడ్డు మీదకొస్తారు. అక్కడ టీ అమ్ముడుపోదా? మావాడు ఉద్యోగం మానేశాడు. ఫ్రాంచైజీ ఫీజు 5 లక్షలు, దాని మీద జి.ఎస్.టి. 90 వేలు, లోపలి డెకరేషను, మిషన్లు 6 లక్షలు, షాపు అడ్వాన్సు 2 లక్షలు. దాదాపు 14 లక్షలు. అందులో 8 లక్షలు వాళ్ళ నాన్నగారు ఊళ్ళో అరెకరం అమ్మి ఇచ్చినవి.

అగ్రిమెంటు పి.డి.ఎఫ్. నాకు వాట్సాప్‌లో పంపాడు. 42 పేజీలు. అమీర్‌పేటలో రాయదుర్గం మెట్రో ఎక్కి, నించునే, ఫోన్లో చదివాను. సాఫ్ట్‌వేరు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కళ్ళు మూసుకుని "ఐ అగ్రీ" నొక్కే అలవాటున్న చేతులాయె. హైటెక్ సిటీ వచ్చేలోపు చివరి పేజీకి చేరిపోయాను. ఆఫీసులో పది లైన్ల కోడు మార్చినా ఇద్దరు రివ్యూ చెయ్యనిదే ముందుకెళ్ళనివ్వం. స్నేహితుడి 14 లక్షలకి నేను చేసిన రివ్యూ అది.

ఎనిమిది నెలలు బాగానే గడిచింది. తొమ్మిదో నెలలో అదే బ్రాండు ఇంకో కొట్టు, అయిదు నిమిషాల నడక దూరంలో తెరిచారు. "కిలోమీటరు లోపల ఇంకెవరికీ ఇవ్వం" అన్న మాట నోటితో చెప్పిందే గానీ కాగితం మీద లేదు. కాగితం మీద ఉన్నది సరిగ్గా దానికి తలకిందులు, కంపెనీ ఎక్కడైనా ఎన్నైనా తెరవచ్చు అని. అమ్మకాలు పడిపోయాయి. రాయల్టీ మాత్రం లాభం మీద కాదు కదా, మొత్తం అమ్మకాల మీద 6 శాతం. ఆ తర్వాత టీ పొడి, కప్పుల రేట్లు పెంచారు. వీడు కడుపు మండి రెండు వారాలు కప్పులు బేగంబజార్ నుంచి తెచ్చుకున్నాడు. అంతే, నోటీసు వచ్చింది. షరతు ఉల్లంఘించారు, 30 రోజుల్లో బోర్డు దించండి, ఫీజు తిరిగి ఇవ్వబడదు, రెండేళ్ళ పాటు హైదరాబాదులో టీ వ్యాపారం చెయ్యకూడదు అని.

అప్పుడు ఇద్దరం సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేసే మా బాబాయ్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన అగ్రిమెంటంతా తీరిగ్గా చదివి కళ్ళజోడు తీసి, "సంతకం పెట్టాక చదవడం మీ ఇంజినీర్ల పద్ధతేంట్రా?" అన్నాడు. తర్వాత ఒక్కో షరతూ తీసుకుని ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెప్పాడు. ఇది తెలుసుకోవడానికి మాకు 14 లక్షలు పట్టింది కాబట్టి మీకు ఊరికే చెప్తున్నాను.

మొదటిది, రెండేళ్ళు టీ వ్యాపారం చెయ్యకూడదన్న షరతు. ఇది చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం ఒక మనిషిని న్యాయబద్ధమైన వ్యాపారం చేసుకోకుండా కట్టేసే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. గుడ్‌విల్ అమ్మేసుకున్నవాడికి మాత్రం మినహాయింపు. అయితే ఇక్కడో మెలిక ఉంది. అగ్రిమెంటు నడుస్తున్నంత కాలం పోటీ సరుకు అమ్మకూడదన్న షరతు మాత్రం నిలుస్తుంది. కోకాకోలాకీ గుజరాత్ బాట్లింగ్ అనే కంపెనీకీ నడిచిన కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అంటే కాపురం చేస్తున్నన్నాళ్ళూ కట్టుబడాలి, విడిపోయాక నీ బతుకు నీది. వాళ్ళ పేరు, రంగులు, కప్పు మీద బొమ్మ లాంటివి మాత్రం ముట్టుకోకూడదు.

రెండోది, తగాదా వస్తే కంపెనీ డైరెక్టరు నియమించిన ఆర్బిట్రేటరు దగ్గరే తేల్చుకోవాలన్నది. ఇదీ నిలవదు. తగాదాలో వాటా ఉన్నవాడు ఒక్కడే తీర్పరిని ఎంచుకోవడం కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. తటస్థుడైన ఆర్బిట్రేటరు కోసం హైకోర్టుకి వెళ్ళొచ్చు.

మూడోది, కేసులన్నీ ఫలానా నగరంలోనే అన్నది. ఇది నిలుస్తుంది. ఆ నగరం కోర్టుకి ఆ వ్యవహారంతో సంబంధం ఉంటే చాలు, మిగతా కోర్టులన్నిటినీ వదులుకుంటున్నట్టు రాసుకోవచ్చని 1971 నుంచీ సుప్రీంకోర్టు అంటూనే ఉంది. ఎస్.ఆర్. నగర్‌లో టీ అమ్ముకునేవాడు వెయ్యి కిలోమీటర్లు పోయి వాయిదాలు తిరగాలన్నమాట.

నాలుగోది 30 రోజుల నోటీసు. ఇదే అసలు దెబ్బ. ఇలా నోటీసిచ్చి తెంపుకోగల ఒప్పందాన్ని కొనసాగించమని కోర్టు బలవంతపెట్టదు. అమృత్‌సర్ గ్యాస్ ఏజెన్సీని ఇండియన్ ఆయిల్ తీసేసిన కేసులో 1990లో సుప్రీంకోర్టు ఏమందంటే, తీసెయ్యడం తప్పే అయినా ఏజెన్సీ తిరిగి ఇప్పించలేం, ఆ 30 రోజుల నోటీసు కాలానికి పోయిన ఆదాయం మాత్రం ఇప్పిస్తాం అని. ఏళ్ళ తరబడి తిరిగొస్తుందనుకున్న పెట్టుబడి, నష్టపరిహారం దగ్గరకొచ్చేసరికి నెల రోజుల లెక్కయిపోతుంది!

అయిదోది, ఆ "కిలోమీటరు" మాట. రాతలో ఉన్నదానికి విరుద్ధంగా నోటి మాటని కోర్టు లెక్కలోకి తీసుకోదు. మోసం చేశారనో తప్పుడు మాటలతో నమ్మించారనో నిరూపిస్తే 17, 18, 19 సెక్షన్ల కింద అగ్రిమెంటునే రద్దు చేయించుకోవచ్చు. నిరూపించేది మనమే. మావాడి దగ్గర ఉన్నది ఒక రంగుల బ్రోచరు, రెండు వాయిస్ మెసేజీలు. వాటిలో కిలోమీటరు ఊసే లేదు.

టెస్టు కేసుల భాషలో చెప్పాలంటే అయిదింటిలో రెండు పాసు, మూడు ఫెయిలు. పాసైన మొదటిదాని పుణ్యాన మావాడు ఇవాళ అదే కొట్టులో టీ అమ్ముకుంటున్నాడు. కంపెనీ ఇంకో నోటీసు పంపితే బాబాయ్ 27వ సెక్షను గుర్తుచేస్తూ జవాబిచ్చాడు, మళ్ళీ ఉత్తరం రాలేదు. డబ్బు మాత్రం గోవిందా.

నన్ను ఆశ్చర్యపరిచింది వేరే. ఇదంతా మామూలు కాంట్రాక్టు చట్టం. ఫ్రాంచైజీలకని ప్రత్యేకంగా చట్టం కేంద్రంలో లేదు, తెలంగాణలో లేదు, ఆంధ్రాలో లేదు. పన్ను వెయ్యడానికి మాత్రం 2003లోనే ఫ్రాంచైజీ అంటే ఏంటో నిర్వచనం రాసుకుని సర్వీసు టాక్సు వసూలు చేశారు :) పేదవాడికీ పెద్ద సంస్థకీ మధ్య అన్యాయమైన షరతు చెల్లదని 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు గొప్ప తీర్పిచ్చింది. కానీ ఇద్దరూ వ్యాపారస్తులై, అది వ్యాపార లావాదేవీ అయితే ఈ సూత్రం వర్తించదని అందులోనే రాసింది. సంతకం పెట్టిన మరుక్షణం మావాడు కూడా చట్టం దృష్టిలో వ్యాపారస్తుడే. అన్యాయపు షరతుల మీద ఒక చట్టం చేద్దామని లా కమిషన్ 2006లో 199వ నివేదిక ఇచ్చింది. అది చట్టం కాలేదు.

సరిగ్గా ఇదే సమయంలో అమెరికాలో ఎడిసన్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళతో కలిసి ఒక శాండ్‌విచ్ కొట్టు ఫ్రాంచైజీ చూస్తున్నాడు. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఈ కాగితాలు బాగా చదువుతావటగా" అని ఎద్దేవా చేసి తనకొచ్చిన పుస్తకం పంపాడు. ఈసారి నిజంగానే చదివాను.

అక్కడ కంపెనీ సంతకం అడిగే ముందు, డబ్బు తీసుకునే ముందు, కనీసం 14 రోజుల గడువుతో ఒక వివరాల పుస్తకం చేతిలో పెట్టాలి. అందులో 23 అంశాలు ఉంటాయి. కంపెనీ మీద ఉన్న కేసులేంటి, మొత్తం ఖర్చెంత, సామాను ఎవరి దగ్గర కొనాలి, మన ప్రాంతంలో ఇంకొకడికి ఇస్తారా లేదా, గత మూడేళ్ళలో ఎన్ని కొట్లు తెరిచారు, ఎన్ని మూసేశారు. అన్నిటికంటే నాకు నచ్చింది, గత ఏడాదిలో వదిలేసి పోయినవాళ్ళ పేర్లు కూడా ఇవ్వాలి. ఆ ఒక్క జాబితా మావాడి చేతికి వచ్చుంటే ఇద్దరికి ఫోన్ చేసి ఊరుకునేవాడు. దీన్ని మొదట మొదలుపెట్టింది వాషింగ్టన్ ప్రభుత్వం కాదు. కాలిఫోర్నియా రాష్ట్రం 1970లో చట్టం చేస్తే, కేంద్రం స్థాయిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలు వచ్చింది 1978లో. ఇప్పటికీ ఆ కేంద్ర రూలు ఉల్లంఘిస్తే కొట్టువాడు దాని కింద నేరుగా దావా వెయ్యలేడు. ఆ హక్కు ఇచ్చేది ఆయా రాష్ట్రాల చట్టాలే.

ఇక్కడే అసలు విషయం ఉంది. మా అన్నయ్య ఉండేది న్యూజెర్సీలో. అక్కడ 1971 నుంచి ఫ్రాంచైజీ చట్టం ఉంది. దాని పరిధిలోకొచ్చే కొట్టుని సరైన కారణం లేకుండా తీసెయ్యడానికి వీల్లేదు. సరైన కారణమంటే కొట్టువాడు షరతుల్ని గట్టిగా ఉల్లంఘించి ఉండాలి. కారణాలు రాసి 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. విస్కాన్సిన్‌లో 1974 చట్టం ప్రకారం 90 రోజుల నోటీసు, అందులో తప్పు దిద్దుకోడానికి 60 రోజులు. అన్నయ్య ఫ్రెండు ఒకాయన డాలస్‌లో అదే బ్రాండు చూస్తున్నాడు. టెక్సాస్‌లో ఇలాంటి కొట్లకి ఆ రక్షణ చట్టం లేదు, అగ్రిమెంటులో ఏది రాస్తే అదే. అదే కంపెనీ, అవే షరతులు, అదే శాండ్‌విచ్చు. కొట్టు ఏ రాష్ట్రంలో పెట్టావన్నదే నీ గతి తేలుస్తుంది.

మనవాళ్ళకి బాగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. అమీర్‌పేటలో సగం మందికి అన్నం పెట్టిన జావా తయారుచేసిన సన్ మైక్రోసిస్టమ్స్ లేదూ, దాని సరుకు అమ్మే ఒక డీలరుకీ దానికీ తగాదా వచ్చింది. అగ్రిమెంటులో కేసులు కాలిఫోర్నియాలోనే అని ఉంది. 1996లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఏమందంటే, ఫ్రాంచైజీ చట్టం పరిధిలోకొచ్చే ఒప్పందాల్లో ఇలాంటి షరతు మామూలుగా చెల్లదు, అది చెల్లేలా కొట్టువాడి మీద రుద్దలేదని నిరూపించుకోవాల్సింది కంపెనీయే అని. మావాడి మూడో షరతు గుర్తుందా? అక్కడైతే అది పాసయ్యేది.

రాష్ట్ర చట్టం సర్వరోగ నివారిణి అని నేననడం లేదు. 7-ఎలెవెన్ కొట్లవాళ్ళు కాలిఫోర్నియా చట్టాన్ని పట్టుకుని వెళ్తే, ఆర్బిట్రేషన్ విషయంలో కేంద్ర చట్టానిదే పైచేయి అని 1984లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టులు వేరు, కాగితం మీద హక్కు వేరు. అయినా ఏమీ లేనిచోట కంటే నయమే కదా.

మరి తెలంగాణ ఇలాంటి చట్టం చెయ్యగలదా? చెయ్యగలదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ఉమ్మడి జాబితాలో ఏడో అంశం కాంట్రాక్టులు. రాష్ట్రానికి అధికారం ఉంది. కేంద్ర చట్టంతో ఎక్కడైనా గొడవొస్తే 254(2) అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకోవాలి. మనకిది కొత్త కూడా కాదు. చీటీల విషయంలో కేంద్రం 1982లో చట్టం చేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1971లోనే సొంత చట్టం చేసుకుంది. ఇవాళ చీటీ కంపెనీ చీటీ మొదలుపెట్టాలంటే రిజిస్ట్రారు దగ్గర ముందు అనుమతి తీసుకోవాలి, తగిన సెక్యూరిటీ పెట్టాలి. ఫ్లాటు అమ్మే బిల్డరు 2016 రెరా చట్టం కింద ప్రాజెక్టు వివరాలు నమోదు చెయ్యనిదే ప్రకటన కూడా ఇవ్వకూడదు. 5 లక్షల చీటీకి ఇంత కాపలా ఉంది, ఫ్లాటుకి ఉంది. 14 లక్షలు పెట్టించే ఫ్రాంచైజీకి మాత్రం ఒక వాట్సాప్ పి.డి.ఎఫ్. చాలు.

నేనడిగేది పెద్ద చట్టం కాదు. మూడు ముక్కలు. ఒకటి, మూసేసిన కొట్ల జాబితాతో సహా వివరాలు రిజిస్టరు చేసి, సంతకానికి 14 రోజుల ముందు చేతికివ్వాలి. రెండు, కారణం రాసి, దిద్దుకోడానికి గడువిచ్చాకే తీసెయ్యాలి. మూడు, కొట్టు ఇక్కడుంటే కేసు కూడా ఇక్కడే నడవాలి.

"చట్టం పెడితే బ్రాండ్లు రావు" అని మా ఆఫీసులో ఒకాయన వాదించాడు. న్యూజెర్సీలో చట్టం వచ్చి యాభై ఏళ్ళు దాటింది. అక్కడ డోనట్లు దొరకడం లేదా? "వ్యాపారమన్నాక నష్టం ఉంటుంది" అన్నాడింకోడు. నిజమే. టీ తాగేవాళ్ళు లేక కొట్టు మూతపడితే అది వ్యాపారంలో నష్టం. కొట్టు పెట్టించినవాడే పక్కనే ఇంకోటి పెడితే దాన్ని ఏమనాలో ఆయన చెప్పలేదు. మావాడి తప్పు కూడా ఉంది, నాది అంతకన్నా ఉంది. కానీ చదవనివాడికి 14 లక్షల జరిమానా కాస్త ఎక్కువే.

చట్టం వచ్చేదాకా ఎవరి పుస్తకం వాళ్ళే తయారుచేసుకోవాలి. కంపెనీని మూసేసిన కొట్ల జాబితా అడగండి, ఇవ్వకపోతే అదే జవాబు. రెండు మూడు పాత కొట్లవాళ్ళని వెతికి పట్టుకుని మాట్లాడండి. నోటితో చెప్పిన ప్రతి మాటా కాగితం మీద రాయించండి, ముఖ్యంగా ప్రాంతం, కిలోమీటర్లతో సహా. నోటీసులో తప్పు దిద్దుకోడానికి 60 రోజులు అడగండి. కేసులు హైదరాబాదులో అని మార్చమనండి. ఒక్క షరతు కూడా మార్చం అన్నారంటే రేపు కష్టం వచ్చినప్పుడు ఎలా ఉంటారో ఇవాళే చూపించినట్టు. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకి ఒక దారి ఉంది. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ లేకపోతే, 2015 కమర్షియల్ కోర్టుల చట్టంలో ఫ్రాంచైజీ ఒప్పందాలని పేరుపెట్టి చేర్చారు. 3 లక్షలు, ఆ పైన విలువున్న తగాదా అందులోకి వస్తుంది. అత్యవసరం కాకపోతే దావాకి ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళడం తప్పనిసరి. చాలాసార్లు మనకి కావలసింది కూడా అదే.

ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. బయల్దేరబోతుంటే మావాడు గల్లాపెట్టె కింద నుంచి ఒక కవరు తీశాడు. "షాపు ఓనరు కొత్త రెంటల్ అగ్రిమెంటు ఇచ్చాడు మామా. తొమ్మిది పేజీలు. చదువుతావా?" అన్నాడు. వాడి మొహంలో వెటకారం ఉందేమోనని చూశాను, లేదు. బ్యాగు కింద పెట్టి లోపల స్టూలు మీద కూర్చున్నాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, పెన్ను పట్టుకుని, మూడు టీలు అయ్యేదాకా చదివాను. నాలుగు చోట్ల గీతలు పెట్టి ఇచ్చాను. ఈసారి మూడు టీలకీ డబ్బులు తీసుకున్నాడు.